బీఫ్ కైమాలో అంత నీరు ఎందుకు ఊరింది, గురువారానికి ఎందుకు పాడైంది?

ప్రశ్న: అక్కా, మాది వరంగల్. టెక్సాస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. ఆదివారం తప్ప వంటకు తీరిక దొరకదు. తిండికి వారానికి 50 డాలర్లు మించి పెట్టలేను. మా ఇంట్లో పెద్దకూర చిన్నప్పటి నుంచీ తింటున్నదే. అందుకని ఇక్కడి బీఫ్ కైమా, కూరగాయలు కలిపి పెనంలో వండి, వారానికి సరిపడా డబ్బాల్లో సర్దుకుందామనుకున్నాను. చవకగా ఉందని అయిదు పౌండ్ల పొట్లం కొన్నాను. గడ్డకట్టిన పొట్లాన్ని రాత్రంతా వంటగట్టు మీద ఉంచి, పొద్దున చిల్లుల గిన్నెలో వేసి అమ్మ కడిగినట్టే మూడుసార్లు కడిగి, సగం పెనంలో వేశాను. బోలెడు నీరు ఊరింది. అందులోనే క్యాప్సికం, జుకినీ, బంగాళాదుంప, క్యారెట్ ముక్కలు ఒకేసారి వేసి మూత పెట్టాను. చివరికి బూడిదరంగు కైమా, ముద్దయిన కూరగాయలు, పైన తేలే కొవ్వు మిగిలాయి. పెనంలోనే చల్లారనిచ్చి రాత్రి పడుకునే ముందు డబ్బాలకెత్తి ఫ్రిజ్‌లో పెట్టాను. గురువారం మూత తీస్తే వాసన. మిగిలిందంతా పారేశాను. ఇంకో సంగతి, నాతో ఉండే ఇద్దరిలో ఒకడు బీఫ్ తినడు. ముగ్గురికీ కలిపి ఉన్నది ఒకటే పెనం. దీన్ని చవకగా, వారమంతా తినగలిగేలా ఎలా వండాలో చెప్పండి.

సమాధానం: తమ్ముడూ, అమ్మ దగ్గర చూసినది చూసినట్టే చేశావు. అయితే అమ్మ వండేది ముక్కలు, నువ్వు వండింది కైమా. మన వైపు పెద్దకూర పేరుతో ఎక్కువగా దొరికేది దున్న, గేదె మాంసం. అందులో కొవ్వు తక్కువ, పీచు గట్టిది. ముక్కలు కడిగి, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి, ఊరిన నీటిలోనే మగ్గించి, కుక్కర్లో మెత్తబడే దాకా ఉడికించాలి. ఇక్కడి కైమా ఆవులు, ఎద్దుల మాంసం. ధాన్యం మేపి పెంచిన పశువులు కాబట్టి కొవ్వు ఎక్కువ. పైగా యంత్రంలో పడి అప్పటికే నలిగిపోయింది. మెత్తబడటానికి దానికి ఉడుకు అక్కర్లేదు, రుచి రావడానికి వేపుడు కావాలి. నీ వంటలో జరగనిది అదొక్కటే.

ముందు కడగడం మానెయ్యి. ఈ మాట వినగానే మనవాళ్లకు ఒళ్లు జలదరిస్తుందని తెలుసు, ఇంటి దగ్గర ఎవరికైనా చెబితే తిట్టినా తిడతారు. సంతలో కొట్టిన మాంసం మీద ఎముక నుసి, దుమ్ము ఉంటాయి కాబట్టి అక్కడ కడగడం అవసరం. పొట్లంలో వచ్చే కైమా మీద అలాంటివేమీ ఉండవు. కడిగితే సూక్ష్మజీవులు పోవు. నీటి చుక్కలతో పాటు ఎగిరి సింకు మీదికీ, పక్కనున్న గిన్నెల మీదికీ చేరతాయి, అంతే. వాటిని చంపేది వేడి. కడిగిన కైమా స్పాంజిలా నీరు పీల్చుకుని, పెనంలో పడగానే ఆ నీటినంతా వదిలేస్తుంది. నీటి చుక్క ఉన్నంతసేపూ పెనంలోని పదార్థం 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. మాంసం ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. నువ్వు చూసిన బూడిదరంగు ఉడికిన మాంసం రంగు. ఆ పైన రెండున్నర పౌండ్లు ఒకేసారి వేశావు. కడగకపోయినా అంత మాంసం ఒక పెనంలో వేగదు.

రెండోది గట్టు మీద కరిగించడం. పైభాగం కరిగి గది వేడికి వచ్చేసినా లోపల ఇంకా మంచుగడ్డే ఉంటుంది. లోపలిది కరిగేలోగా పైన ఉన్న సూక్ష్మజీవులు పెరిగిపోతాయి. శనివారం పొద్దున్నే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి, ఒక పళ్లెంలో పెట్టి మార్చు. ఆదివారానికి సిద్ధంగా ఉంటుంది. కింది అరలోనే ఎందుకంటే, కారిన రసం వేరే వాళ్ల కూరల మీద పడకూడదు.

ఇక సరుకుల సంగతి. ఇప్పుడు అమెరికాలో బీఫ్ కైమా చవక మాంసం కాదు. ఒకప్పుడు ఆ పేరుండేది. కరవు వల్ల రైతులు మందలు తగ్గించుకున్నారు. 2024 జనవరి 1న తీసిన లెక్కలో దేశం మొత్తం మీద పశువులు 8.72 కోట్లు. 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2025 వేసవికి కైమా సగటు ధర పౌండుకు 6 డాలర్లు దాటింది. అందుకని నీ డబ్బాలో కైమా పెత్తనం తగ్గాలి. రుచికీ, కొంత మాంసకృత్తులకీ కైమా ఉంటుంది, పొట్ట నింపే పని కూరగాయలది, పప్పుది. అయిదు పౌండ్ల పొట్లం కొంటే కొనుక్కో, కానీ వారానికి రెండు పౌండ్లకు మించి వాడకు. మిగిలిన మూడు పౌండ్లను తెచ్చిన రోజే పౌండు చొప్పున విడదీసి, జిప్ సంచుల్లో వేసి, అప్పడాలకర్రతో పలచగా ఒత్తి ఫ్రీజర్లో పడుకోబెట్టు. పలచటి పలక ఫ్రిజ్‌లో కొన్ని గంటల్లోనే కరిగిపోతుంది. పచ్చి కైమా ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉండకూడదు, ఇది గుర్తుంచుకో.

పొట్లం మీద 73/27, 80/20, 85/15, 93/7 అని అంకెలు కనిపిస్తాయి. మొదటిది కొవ్వు కాని మాంసం శాతం, రెండోది కొవ్వు శాతం. ఇక్కడి చట్టం ప్రకారం కైమాలో కొవ్వు 30 శాతం మించకూడదు. నువ్వు కొన్న చవక పొట్లం బహుశా 73/27 అయి ఉంటుంది, పైన తేలిన కొవ్వు కథ అదే. పౌండు ధరను మాత్రమే చూస్తే మోసపోతావు. ఉదాహరణకు 80/20 పౌండు 5 డాలర్లు, 93/7 పౌండు 7 డాలర్లు అనుకో. కొవ్వు తీసేసి లెక్క కడితే మొదటిది పౌండుకు 6.25, రెండోది 7.53 పడుతుంది. అప్పటికీ 80/20దే పైచేయి. అదే 73/27 ధర 4.75 ఉందనుకుంటే లెక్కలో 6.50 తేలుతుంది, అంటే చవకగా కనిపించినది నిజానికి చవక కాదు. మీ దుకాణంలోని ధరలు వేసుకుని ఒకసారి భాగహారం చేసి చూడు, ఇంజినీరింగ్ చదివినవాడివి కదా. ఈ వంటకు నేనైతే 80/20 గానీ 85/15 గానీ తీసుకుంటాను. 93/7 పొడిపొడిగా, రంపపు పొట్టులా అయిపోతుంది, మైక్రోవేవ్‌లో మళ్లీ వేడి చేస్తే మరీనూ. గడువు దగ్గరపడిందని ధర తగ్గించి అమ్మే పొట్లాలు మంచివే. ఆ రోజే వండాలి, లేదా ఆ రోజే ఫ్రీజర్లో పెట్టాలి.

కూరగాయల్లో నువ్వు జుకినీ వేశావు. అది నీటితిత్తి. డబ్బాలో రెండో రోజుకే నీరు కారుతుంది. పుట్టగొడుగులదీ అదే దారి, విడిగా పొడిగా వేపుకునే ఓపిక ఉంటేనే వాటి జోలికి వెళ్లు. వారం నిలిచే వంటకు నా ఓటు క్యాబేజీకి. ఏడాది పొడుగునా దొరుకుతుంది, పౌండు లెక్కన కూరగాయల్లో బాగా చవక, వేపితే తియ్యబడుతుంది, మళ్లీ వేడి చేసినా పూర్తిగా చావదు. తర్వాత క్యారెట్, ఉల్లి, గడ్డకట్టించిన బఠాణీ, మొక్కజొన్న, పాలకూర. గడ్డకట్టించిన కూరగాయలంటే చిన్నచూపు వద్దు. కోసిన కొద్ది గంటల్లోనే గడ్డకట్టిస్తారు, నీ ఫ్రిజ్‌లో వాడిపోయి చెత్తబుట్టలో పడే పచ్చి బీన్స్ కంటే అవి నయం. బంగాళాదుంప ఫ్రిజ్‌లో బాగానే ఉంటుంది కానీ ఫ్రీజర్లో పెట్టి తీస్తే ఇసుకలా, నీళ్లనీళ్లగా తగులుతుంది. ఫ్రీజర్లోకి వెళ్లే డబ్బాల్లో దాన్ని వెయ్యకు.

వీటితో పాటు ఒక కప్పు పొట్టు ఉన్న మసూర్ పప్పు. ఇండియన్ దుకాణంలో నాలుగు పౌండ్ల సంచీ తెచ్చుకుంటే నెలల తరబడి వస్తుంది. పొట్టు తీసిన ఎర్రపప్పు వద్దు, అది కరిగి పప్పుచారు అవుతుంది. పొట్టు పప్పును బద్ద విడిపోకుండా, పలుకు మీద ఉడికించి వార్చుకుంటే కైమాలో కైమాలాగే కలిసిపోతుంది, ఎవరూ గుర్తుపట్టరు. కప్పు పప్పులో దాదాపు 48 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 80/20 కైమా అర పౌండులో ఉండేది 39 గ్రాములు. డాలర్లలో ఈ రెంటికీ ఉన్న తేడా నీకు నేను చెప్పనక్కర్లేదు.

వంట రెండు వాయిలుగా చెయ్యి, రెండు రకాల రుచులతో. ఒకే కూరను పది పూటలు తినడం ఎవరి తరమూ కాదు. మంగళవారానికే మొహం మొత్తి బయట పిజ్జా కొంటావు, మిగిల్చిన డబ్బు అందులో పోతుంది. ఒక్కో వాయికి పౌండు కైమా, అయిదు డబ్బాలు.

వెడల్పు 12 అంగుళాలున్న పెనం కావాలి, ఇనుపదైతే మరీ మంచిది. అపార్ట్‌మెంట్లలో ఉండే కరెంటు పొయ్యి నెమ్మదిగా కాగుతుంది, పెనాన్ని ఖాళీగా నాలుగైదు నిమిషాలు వేడెక్కనివ్వు. కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాను వేసి పెట్టు. లేకపోతే పొగ గంట మోగి మేడ మొత్తం కిందికి దిగి వస్తుంది, వాళ్ల ముందు నువ్వు గరిటెతో నిలబడాలి. వేడెక్కే లోపు కైమాను కాగితపు తువ్వాలుతో అద్ది పైతడి తీసెయ్యి.

చెంచా నూనె వేసి, కైమాను పెద్ద పెద్ద పెళ్లలుగా పెనమంతా పరిచి, గరిటె పక్కన పెట్టెయ్యి. కలపకూడదు. మూడు నాలుగు నిమిషాలు అలా వదిలేస్తే అడుగు ముదురు ఎరుపుకు తిరిగి, అంటుకున్నది దానంతట అదే వదులుతుంది. అప్పుడు తిప్పి, ఇంకో రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత పొడిగా విడగొట్టు. ఉప్పు ఇప్పుడే వెయ్యి, ముందు వేస్తే నీరు లాగుతుంది. ఇంత చేసినా నీరు ఊరితే కంగారు పడకు, మూత పెట్టకుండా పెద్ద మంట మీద ఇగరనివ్వు. చిటచిటమని శబ్దం వస్తోందంటే నీరు పోయి వేపుడు మొదలైనట్టు. ఇంకో చిట్కా: వండే ముందు పౌండు కైమాకు పావు చెంచా వంటసోడాను రెండు చెంచాల నీళ్లలో కలిపి పట్టించి పావుగంట ఉంచితే, మాంసం తన నీటిని పట్టి ఉంచుకుంటుంది, త్వరగా ఎర్రబడుతుంది. పావు చెంచా దాటితే మాత్రం సబ్బు వాసన వస్తుంది.

కైమా ఉడికిందా లేదా అన్నది రంగు చూసి తేల్చకు. కొన్నిసార్లు పూర్తిగా ఉడక్కముందే గోధుమ రంగుకు తిరుగుతుంది. ముక్క మాంసంలో సూక్ష్మజీవులు పైనే ఉంటాయి, నిప్పు తగిలితే చస్తాయి. కైమా పట్టినప్పుడు పైనున్నవి లోపలంతా కలిసిపోతాయి. అందుకే అమెరికాలో స్టేక్‌ను, అంటే దళసరి మాంసం ముక్కను, సగం పచ్చిగా తినేవాళ్లను చూసి కైమాకు ఆ సూత్రం వర్తింపజెయ్యకూడదు. 1993లో ఇక్కడి పడమటి రాష్ట్రాల్లో సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. కారణం ఈ-కోలై ఓ157:హెచ్7 అనే సూక్ష్మజీవి. మరుసటి ఏడాదే వ్యవసాయ శాఖ ఆ సూక్ష్మజీవి ఉన్న కైమా అమ్మకూడదని తేల్చింది. ఇప్పటికీ వాళ్లు చెప్పే కొలత 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్. పది పదిహేను డాలర్లలో గుచ్చి చూసే థర్మామీటర్ దొరుకుతుంది. పొడిగా విడిన కైమాను పెనంలో ఒక పక్కకు కుప్పగా తోసి అందులో గుచ్చితే అంకె సరిగ్గా తెలుస్తుంది.

వేగిన కైమాను పళ్లెంలోకి తీసి, పెనంలో రెండు చెంచాల కొవ్వు ఉంచి మిగతాది ఖాళీ డబ్బాలోకి వంపు. సింకులో పొయ్యకు. అది గొట్టంలో గడ్డకడుతుంది, అపార్ట్‌మెంటు వాళ్లు బిల్లు నీకే పంపుతారు. గడ్డకట్టాక చెత్తబుట్టలో వెయ్యి.

మొదటి వాయి మన రుచి. ఆ కొవ్వులోనే రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిర్చి వేపి, చెంచాన్నర అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి వేసి పచ్చివాసన పోయాక పక్కకు తియ్యి. పెద్ద మంట మీద ముందు క్యారెట్, నాలుగు నిమిషాల తర్వాత సన్నగా తరిగిన అర క్యాబేజీ. క్యాబేజీ ఇంకా కాస్త కరకరలాడుతుండగానే ఆపాలి, ఎందుకంటే దానికి మైక్రోవేవ్‌లో రెండో వంట ఉంది. ఆదివారం పెనంలో సరిగ్గా ఉడికిన కూర బుధవారం డబ్బాలో ముద్ద అవుతుంది. చివర్లో అర పౌండు బఠాణీ గడ్డకట్టి ఉన్నదున్నట్టే వేసి, కైమాను, సగం పప్పును వెనక్కి చేర్చి, గరం మసాలా, కొత్తిమీర చల్లి రెండు నిమిషాలు కలిపి దించు. పెనంలో తడి కనిపించకూడదు. నిమ్మకాయ తినేటప్పుడు పిండుకో.

రెండో వాయి నువ్వు ఉన్న ఊరి రుచి. ఉల్లి, ఒక క్యాప్సికం, వెల్లుల్లి వేపి, రెండు చెంచాల జీలకర్ర పొడి, ఇక్కడి చిల్లీ పౌడర్ వేసుకో. ఆ చిల్లీ పౌడర్ మన కారం కాదు. అందులో జీలకర్ర, వాము వాసన ఉండే ఆరెగానో, వెల్లుల్లి కలిసి ఉంటాయి, ఘాటు తక్కువ. మన గుంటూరు కారాన్ని దాని కొలతలో వేస్తే ఆ డబ్బాలు ఎవరూ తినలేరు. తర్వాత డబ్బా టమాటా ఒకటి రసంతో సహా, మొక్కజొన్న, మిగిలిన పప్పు, మూత లేకుండా దగ్గరపడే దాకా. పులుపు ఎక్కువసేపు ఉడికితే ఇనుప పెనానికి పట్టిన నూనె పొర లేచిపోతుంది, టమాటాను పది నిమిషాలకు మించి ఉంచకు, లేదా స్టీలు గిన్నెలో కానిచ్చెయ్యి. మాంసం, మిర్చి వేసి వండే చిల్లీ అనే కూర 1977 నుంచి టెక్సాస్‌కు అధికారిక రాష్ట్ర వంటకం. అందులో చిక్కుళ్లు వెయ్యడం అపచారమనే పట్టుదల ఉన్నవాళ్లు మీ విశ్వవిద్యాలయంలోనే దొరుకుతారు. పప్పు సంగతి వాళ్ల చెవిన పడనివ్వకు.

ఇప్పుడు గురువారం వాసన. పెనంలోనే పడుకునే దాకా వదిలేశానన్నావు. 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్యలో సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి. దళసరి పెనంలో కుప్పగా ఉన్న కూర ఆ మధ్యలోనే గంటల తరబడి ఉండిపోతుంది. పొయ్యి దించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో ఉండాలి. టెక్సాస్ ఎండల్లో ఏసీ లేక గది 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఒక గంటే గడువు. వేడివి పెడితే ఫ్రిజ్ పాడవుతుందన్న మాట పాత రోజులది. లోతు రెండు అంగుళాలు మించని డబ్బాల్లోకి వెంటనే సర్ది, పావుగంట మూత వారగా ఉంచి, ఆవిరి తగ్గాక మూసి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పెట్టు. పేరిస్తే మధ్యలోవి చల్లబడవు.

అలా పెట్టినా వండిన మాంసానికి ఫ్రిజ్‌లో ఆయుష్షు మూడు నాలుగు రోజులే. ఆదివారం వండినది శుక్రవారం దాకా ఫ్రిజ్‌లో ఉండాలనే ఆశ వదిలెయ్యి. సోమ, మంగళ, బుధవారాలకు ఆరు డబ్బాలు ఫ్రిజ్‌లో, గురు, శుక్రవారాలకు నాలుగు డబ్బాలు ఆదివారమే, చల్లబడగానే ఫ్రీజర్లో. బుధవారం పొద్దున వాటిని ఫ్రిజ్‌లోకి దించుకో. వాసన వస్తేనే పాడైనట్టు అనుకోవడమూ సరికాదు. జబ్బు చేసే సూక్ష్మజీవుల్లో చాలావాటికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. మూత మీద తేదీ రాసిన చీటీ అంటించు, నీ ముక్కు కంటే అది నమ్మకమైనది. ఫ్రీజర్లో రెండు మూడు నెలలు రుచి చెడకుండా ఉంటుంది. పరీక్షల వారానికి ఇంకో నాలుగు డబ్బాలు దాచుకున్నావనుకో, ఆ వారం నీకు పండగే.

అన్నాన్ని విడిగా పెట్టు. వండిన అన్నం బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. దానికీ అదే రెండు గంటల నియమం. తినేటప్పుడు డబ్బాలో రెండు చెంచాల నీళ్లు చల్లి, మూత వారగా పెట్టి, సగంలో ఒకసారి కలిపి, ఆవిరి గట్టిగా వచ్చే దాకా, 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడి చెయ్యి. కలపకపోతే అంచులు కాలి మధ్యలో చల్లగా ఉంటుంది. అన్నంతో విసుగొస్తే మొదటి వాయిని చపాతీలో చుట్టుకో, రెండోదాన్ని ఇక్కడ టోర్టియా అనే మొక్కజొన్న రొట్టెలో పెట్టుకో, లేదా పాస్తాలో కలుపుకో. రాత్రి పూట కోడిగుడ్డు కొట్టి దాని మీద వేసుకున్నా బాగుంటుంది.

ఖర్చు మా ఊరి ధరల్లో వేసి చూస్తే కైమా 12, క్యాబేజీ 3, ఉల్లి, క్యారెట్ కలిపి 4, బఠాణీ, మొక్కజొన్న 4, క్యాప్సికం, టమాటా డబ్బా 3, పప్పు, మసాలాలు 2. దగ్గర దగ్గర 28 డాలర్లు, పది పూటలు. డబ్బాకు 3 డాలర్ల లోపే, ఒక్కో దానిలో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు. అన్నం, గుడ్లు, పాలు, అరటిపళ్లు, కాఫీకి ఇంకా 22 డాలర్లు మిగులుతాయి. కైమా ధర ఎప్పుడైనా మరీ ఎక్కితే టర్కీ కైమాతో ఇదే చెయ్యి. దానిలో కొవ్వు తక్కువ కాబట్టి నూనె ఇంకో చెంచా వెయ్యి, పక్షి మాంసం కనుక 160 కాదు, 165 డిగ్రీలు చేరాలి.

ఆఖరుగా పెనం. బీఫ్ తినని మిత్రుడు కూడా వాడే పెనంలో వండి, బాగా తోమి పెట్టాను కదా అనడం కుదరదు. ఇనుప పెనం అయితే మరీ కుదరదు, కొవ్వు దాని ఒంట్లోకే పడుతుంది. 20, 25 డాలర్లలో నీకంటూ ఒక ఇనుప పెనం కొనుక్కో. పాత సామాన్లమ్మే దుకాణాల్లో తుప్పుపట్టినవి అయిదారు డాలర్లకే దొరుకుతాయి. తుప్పు గీకి, నూనె రాసి, ఓవెన్లో గంటసేపు కాలిస్తే కొత్తదాని కంటే బాగా పనిచేస్తుంది. కోసే బల్ల, గరిటె, డబ్బాలు, గిన్నెలు తోమే పీచు కూడా విడిగా పెట్టుకో, ఫ్రిజ్‌లో ఒక అర నీది అనుకో. ఇది చాటుగా చెయ్యకు, ముందే చెప్పి చెయ్యి. ఆదివారం వండబోయే గంటలేమిటో అతనికి చెబితే, తన వంట ముందో వెనకో చేసుకుంటాడు. క్యాబేజీ, క్యారెట్ తరిగే పని ఎలాగూ ఉంటుంది కాబట్టి, కైమా ముట్టుకోక ముందే, అతను వాడే పెనంలో అతనికీ కొంచెం కూర వేపి ఇవ్వు.